మారిషస్ ‘కొరింగీ’ కూలీల చరిత్ర – ‘వలస’ పదప్రయోగం: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ప్రవాసాంధ్రుల చరిత్రను ప్రస్తావించేటప్పుడు ‘వలస’ అనే పదం తరచుగా వినబడుతుంది. నేటి కృష్ణా డెల్టాలో ఆ పదం ఉన్నతిని సూచిస్తోంది. విజయవాడ బెంజ్ సర్కిల్ పరిసరాలలో కనిపించే విదేశీ విద్యా సలహా కేంద్రాల ప్రకటనలే ఇందుకు నిదర్శనం. ఇదే పదాన్ని 19వ శతాబ్దంలో మారిషస్ చెరకు తోటలకు చేరిన తెలుగు కూలీలకు అన్వయించడంలోని ఔచిత్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. బానిస స్థానంలో కూలీ:

1825లో బ్రిటన్ మారిషస్ చక్కెరపై సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేసింది. ఫలితంగా ద్వీపంలో చెరకు సాగు వేగంగా విస్తరించింది. ఆ సాగుకు ఆధారం ప్రధానంగా ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండి తరలించిన బానిసల శ్రమ. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం మాత్రం యజమానులకే దక్కింది. రద్దుకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయిస్ చేరారు. అనంతరం వచ్చిన తెలుగువారికి ‘కొరింగీలు’ అనే పేరు స్థిరపడింది. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరే ఒక జనసమూహానికి గుర్తింపు అయింది. ఊరినీ, వృత్తినీ వెనక్కు నెట్టి, ఎగుమతి రేవుతో మనిషిని గుర్తించే దృష్టి ఈ పేరులో ఉంది.

3. రెండు దృక్పథాలు:

హ్యూ టింకర్ 1974లో ప్రకటించిన గ్రంథంలో ఈ వ్యవస్థను నూతన బానిసత్వంగా నిరూపించడానికి ప్రయత్నించాడు. మెరీనా కార్టర్ 1996లో వెలువరించిన గ్రంథంలో కూలీల లేఖలు, అర్జీలు ఆధారంగా వారి స్వరాన్ని వెలికితీసింది. మొదటి దృక్పథం నిర్బంధాన్ని స్పష్టం చేస్తుంది. కానీ కూలీని కేవలం బాధితునిగా మిగిల్చే ప్రమాదం అందులో ఉంది. రెండవది ఆ లోపాన్ని సవరిస్తుంది. అయితే ఒకరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోసే ‘డబుల్ కట్’ పద్ధతినీ, 1867 చట్టం విధించిన ఛాయాచిత్ర గుర్తింపు పత్రాన్నీ విస్మరిస్తే, ఆ అర్జీలు ఎందుకు పుట్టాయో బోధపడదు. అలాగని కూలీని బానిసగానే పరిగణించడమూ సరికాదు. బానిస యజమాని ఆస్తి. బానిస స్త్రీకి పుట్టిన బిడ్డా ఆస్తే. కూలీ ఒప్పందానికి గడువుంది. ఈ భేదాన్ని చెరిపివేస్తే, ఆ తోటలలో అంతకుముందు శ్రమించిన ఆఫ్రికన్ల చరిత్రకు అన్యాయం జరుగుతుంది.

4. ముగింపు:

కూలీల ఎగుమతి ఆరంభమైన నాటికి కృష్ణా డెల్టా నేటి డెల్టా కాదు. గుంటూరు ప్రాంతాన్ని కబళించిన నందన కరువు 1832-33 నాటిది. విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయినది 1855లో. నేటి సంపన్న డెల్టా అనుభవంతో నాటి ప్రయాణాలను కొలవడం కాలవిరుద్ధం. ‘వలస’ అనే పదం నిర్బంధాన్ని మరుగుపరుస్తుంది. ‘బానిసత్వం’ అనే పదం భేదాన్ని మరుగుపరుస్తుంది. ‘ఒప్పంద కూలీ’ అనే పదం ఒప్పందాన్నీ, దాని చాటున ఉన్న నిర్బంధాన్నీ కలిపి ప్రశ్నించే వీలు కల్పిస్తుంది. కనుక తెలుగు ప్రవాస సాహిత్య పరిశోధనలో ఈ పదాన్నే పారిభాషికంగా స్వీకరించడం సముచితం.