అడిగి తెలుసుకునే విద్య
"గుండె దడ, కాళ్లలో సత్తువ లేదు, దిష్టి తగిలిందేమో" అంటూ వచ్చినావిడకు మంచి సైకాలజిస్టు వెంటనే డిప్రెషన్ అని పేరు పెట్టరు. "మీ ఇంట్లోవాళ్లు దీన్నేమంటారమ్మా? ఇప్పటిదాకా ఏం చేసి చూశారు?" అంటారు. మర్యాదకు వేసే ప్రశ్నలనుకుంటే పొరపాటు; మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పుస్తకంలోని 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ కూడా, ఈ బాధను మీవాళ్లకు ఎలా చెబుతారని మొదట్లోనే అడుగుతుంది. దిష్టి మాటకు చెవొగ్గితే మూఢనమ్మకాన్ని పెంచినట్టేగా అనొచ్చు. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. దిష్టి తీశాక ఆ రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితే, దడ ఎప్పుడు పెరుగుతుందో, ఎవరి ఎదుట తగ్గుతుందో ఆవిడే చెప్పుకొస్తుంది. చికిత్సలో ఏం సాధించాలో తేల్చేదీ ఆవిడే: ఆదివారం చెల్లెలింటికి బస్సులో ఒక్కతే వెళ్లాలి. వెళ్లలేకపోయిందా, మెట్టు ఎత్తుగా కట్టారన్నమాట. ఇద్దరూ కూర్చుని దించుతారు, ఈసారికి బస్టాపుదాకా.