చిట్టిబాబు ‘సినిమాల్లో కూడా’ వాయించారట!

లండన్ స్టూడియోల్లో అడిగినవాళ్ళకల్లా గిటార్ వాయించిన జిమ్మీ పేజ్ 1968లో లెడ్ జెప్లిన్ పెట్టాడు. ఆ బ్యాండ్ ఆల్బములకి ప్రొడ్యూసర్ కూడా అతనే. అతని గురించి రాసేవాళ్ళు ఆ సెషన్ రోజుల్ని దాటెయ్యరు. ఏ పాటలో ఏ గిటార్ అతనిదో అని ఇప్పటికీ వాదించుకుంటారు. పనితనం అక్కడే అబ్బిందని ఒప్పుకుంటారు.

మన చిట్టిబాబు దగ్గరికొచ్చేసరికి ఆ పని ఎందుకు చెయ్యం?

1936లో కాకినాడలో పుట్టారు. చిన్నతనంలోనే మద్రాసు చేరి, 1949లో ‘లైలా మజ్ను’లో బాలనటుడయ్యారు. ఈమని శంకరశాస్త్రి శిష్యరికం. తర్వాత 1960ల మొదటి దాకా సినిమా ఆర్కెస్ట్రాల్లో, సాలూరి రాజేశ్వరరావు లాంటివాళ్ళ దగ్గర వీణ వాయించారు. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో ఈ కాలమంతటికీ దక్కేది ఒక్క వాక్యం: సినిమాల్లో కూడా వాయించారు. ఆ ‘కూడా’తోనే నా పేచీ.

వీణ తీగ మీటగానే నాదం తగ్గిపోవడం మొదలవుతుంది. కచేరీలో పర్లేదు, రాగాన్ని అరగంట పరుచుకోవచ్చు. పాటలో పల్లవికీ చరణానికీ మధ్య దొరికేది కొన్ని సెకన్లే. ఆ రోజుల్లో గాయకులూ వాద్యగాళ్ళూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. ఒక మీటు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాల్సిందే. అంటే చెప్పాల్సింది తక్కువలో, తేటగా, మొదటిసారే చెప్పాలి. చిట్టిబాబు కచేరీ రికార్డుల్లో నా చెవికి ముందు తగిలేది ఆ తేటదనమే. మాటిమాటికీ మీటరు. ఒక్క మీటు వేసి, ఎడమచేత్తో తీగ లాగుతూ ఆ నాదం ఆరిపోయేదాకా పాడిస్తారు. ఇది సంప్రదాయం ఇచ్చిందే. కానీ మైకు ముందు పదును తేలిందని నా నమ్మకం.

గురువుగారూ స్టూడియో మనిషే. జెమినీ స్టూడియోలో పనిచేసి, తర్వాత ఆకాశవాణికి వెళ్ళారు. మా కొవ్వూరులో బయల్దేరి గోదావరి దాటితే గురువు పుట్టిన ద్రాక్షారామం, శిష్యుడు పుట్టిన కాకినాడ ఒక్కరోజులో చూసి రావచ్చు. ఈ డెల్టా వీణ కథలో స్టూడియో పక్కదారి కాదు, రెండు తరాల బడి.

‘కొమ్మలో కోయిల’ని గిమ్మిక్కు అన్నవాళ్ళున్నారు. వాళ్ళది పూర్తిగా తప్పనను. కోయిల కూతని అచ్చంగా దింపడం దగ్గర ఆశ్చర్యం ఎక్కువ, సంగీతం తక్కువ. కానీ ఒక దృశ్యాన్ని మూడు నిమిషాల్లో కట్టి చూపడం సినిమా నేర్పిన విద్య. సభల్లో వీణ పేరెత్తితే జడిసేవాళ్ళని కూడా కూర్చోబెట్టింది అదే.

1964లో శ్రీధర్ తీసిన తమిళ సినిమా ‘కలైక్కోయిల్’లో కథానాయకుడు వైణికుడు. తెర మీద వేళ్ళు నటుడివి, నాదం చిట్టిబాబుది. అది ఆయనదని మనకి తెలుసు కాబట్టి సరే. మరి మామూలు తెలుగు పాటల సంగతి? రికార్డు మీద పాడినవాళ్ళ పేరూ, సంగీతదర్శకుడి పేరూ ఉంటాయి. వీణకీ ఫ్లూట్‌కీ తబలాకీ చోటు లేదు. పేజ్ అభిమానులు వాదించుకోడానికి స్టూడియో కాగితాలో, తోటివాళ్ళ జ్ఞాపకాలో ఉన్నాయి. ఇక్కడ ఆ జ్ఞాపకాలున్న మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. చిట్టిబాబు 1996లోనే వెళ్ళిపోయారు.

సంగీతదర్శకుల మీద మనం పుస్తకాలు రాసుకున్నాం, మంచిదే. మద్రాసులోనో హైదరాబాదులోనో మీకు తెలిసిన పాత ఆర్కెస్ట్రా మనిషి ఎవరైనా ఉంటే, ఈసారి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఏ పాటలో ఎవరు వాయించారో అడగండి.