కాగిన ఇంజను, మిస్త్రీల విద్య

పటాన్‌చెరువు నుండి సంగారెడ్డి వైపు సాగు 65వ నంబరు జాతీయ రహదారిపై, ఇస్నాపూర్ చౌరస్తాకడ మలుపు తిరిగి పాశమైలారపు కర్మాగారముల వైపు పగలనక రాత్రియనక పోవుచుండు లారీలను చూచువారికి, వాని రాకపోకలు నిలువక సాగుటకు ఆధారమైన యొక విద్య ఇటువంటి రహదారుల ప్రక్కనున్న రేకుల షెడ్లలో వర్ధిల్లుచున్నదని సాధారణముగా తోచదు. కాగిన ఇంజనును చల్లబరచు విద్య యది. పాత అంబాసిడరు కారుకైనను, పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను బిగించిన జీపుకైనను, ఏండ్ల తరబడి సరకు మోసిన టాటా లారీకైనను వేసవిలో తప్పక సంక్రమించు వ్యాధి ఒక్కటే: వేడిని చూపు ముల్లు పైకి పోవుట, మూత నుండి ఆవిరి చిమ్ముట, బండి నడిరోడ్డున నిలిచిపోవుట. ఈ వ్యాధికి పెద్ద రేడియేటరు, పెద్ద ఫ్యాను కొనుటయే మందని తలచువారు పెక్కురు. అనుభవశాలియైన మిస్త్రీ అట్లు తలపడు. ఇంజనులో పుట్టిన వేడి గాలిలో కలియువరకు నడచు త్రోవలో ఎక్కడ ఆగిపోయినదో కనుగొని, ఆ అడ్డును తొలగించుటయే అతని విద్యకు ప్రాణము.

ఆ త్రోవ యెట్టిదో ముందుగా గ్రహింపవలెను. పాతకాలపు పెట్రోలు ఇంజనులో దహింపబడు ఇంధనపు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనికి వచ్చును. తక్కినదానిలో ఒక పెద్దభాగము పొగగొట్టము గుండ వెలికి పోగా, మరియొక పెద్దభాగము సిలిండరు గోడలను దాటి చుట్టునున్న నీటిలోనికి దిగును. ఆ నీరు పంపుచే త్రోయబడి రేడియేటరు చేరి, సన్నని గొట్టములలో క్రిందికి జారుచు, వాని నంటియున్న పలుచని రాగిరేకుల ద్వారా వేడిని గాలికి ఒప్పగించి, మరల ఇంజనునకు పోవును. ఒప్పగింపగల వేడి నీటికిని గాలికిని గల ఉష్ణోగ్రతాభేదముపై ఆధారపడును. నీరు 95 డిగ్రీలుండగా, డిసెంబరు ఉదయమున గాలి 15 డిగ్రీలున్నచో భేదము 80. మే నెల మధ్యాహ్నమున గాలి 42 డిగ్రీలకు చేరినప్పుడు భేదము 53 మాత్రమే. అనగా అదే రేడియేటరు, అదే ఇంజను, అదే బరువు ఉన్నను, వేసవిలో దాని సామర్థ్యము మూడింట ఒకవంతు తరిగిపోవును. శీతకాలమంతయు దాగియున్న చిన్న లోపము ఎండలు ముదురగనే బయటపడుటకు కారణమిదియే. దీనికి తోడు, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న ఈ దక్కను పీఠభూమిపై, మూతలేని పాత్రలో నీరు 100 డిగ్రీల వరకు ఆగక 98 డిగ్రీల వద్దనే మరుగును.

ఈ వ్యాధితో దీర్ఘకాలము పోరాడి, ఆ పోరాటమునే ఒక సంప్రదాయముగా మలచుకొన్నవారు అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు. పాత ఫోర్డు కార్లను విప్పి, అనవసరపు బరువును తొలగించి, ఇంజను బలమును పెంచి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మైదానములపై వేగపరీక్షలు జరుపుకొనుచు వారు హాట్ రాడ్ సంప్రదాయమును నెలకొల్పిరి. 1937లో వారి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడెను. 1948 జనవరిలో హాట్ రాడ్ అను పేరనే పత్రికయు వెలువడెను. వారికి ప్రాణపదమైనది 1932లో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన 65 అశ్వశక్తుల వీ-8 ఇంజను. చవుకగా లభించి, చక్కని బలము నిచ్చు ఈ ఇంజనులో ఒక జన్మదోషము కలదు: కాలిన పొగ బయటికి పోవు మార్గములు బ్లాకు లోపలినుండి, నీటి నానుకొని సాగుటచే, పొగతో వెలికి పోవలసిన వేడిలో కొంతభాగము నీటిలోనికే దిగుచుండెను. పోతపోసినప్పుడు బ్లాకులో మిగిలిన ఇసుకయు, పిమ్మట పేరుకొన్న తుప్పును ఆ దోషమును ఇనుమడింపజేసెను. 1937లో కంపెనీవారు నీటిపంపులను సిలిండరు హెడ్లనుండి బ్లాకునకు మార్చిరి. ఆ యువకులును బ్లాకును పూర్తిగా విప్పి, లోపలి ఇసుకను, తుప్పును గీకి తీసి శుభ్రపరచిన తరువాతనే పెద్ద రేడియేటరును గూర్చి ఆలోచించుట నేర్చుకొనిరి.

మన ప్రాంతమున దీనికి సాటియైన ఉదాహరణము పాత జీపు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములనుండి బొంబాయిలో మహీంద్రా వారు కూర్చిన విల్లీస్ జీపులు, ప్రభుత్వాధికారుల సేవలో పల్లెపల్లెకు తిరిగి, పిదప వేలములో రైతుల చేతికిని, వ్యాపారుల చేతికిని వచ్చినవి. పెట్రోలు వ్యయమునకు వెరచి వారు వానిలో డీజిలు ఇంజనులను బిగించుకొనిరి. ఒక శరీరమునకు వేరొక గుండెను తెచ్చిపెట్టిన ఈ పనిలో ఇంజను పట్టుటయే గొప్పగా తోచును. చల్లబరచు ఏర్పాటు చివరకు జ్ఞాపకము వచ్చును. క్రొత్త ఇంజను ఫ్యాను పాత రేడియేటరు మధ్యభాగమునకు ఎదురుగా రాక, ఒక ప్రక్కకో, క్రిందికో జరిగిపోవును. ఇట్టి బండి షెడ్డునకు వచ్చునప్పుడు నిజమైన పరీక్ష మొదలగును.

మిస్త్రీ పానా చేతబట్టుటకు ముందు మాట యడుగును. "అన్నా, నిలవడ్తె గరమైతుందా, ఉరుకుతుంటె గరమైతుందా?" "సిగ్నల్ల కాడ మంచిగనే ఉంటది ఉస్తాద్, రోడ్డెక్కి అరవై దాటంగనే ముల్లు పైకి పోతది." ఈ రెండు వాక్యములలో సగము నిదానము పూర్తియైనదని చెప్పవచ్చును. నిలిచినప్పుడు కాగి, పరుగులో చల్లబడు బండికి గాలి కొరత. నిలిచినప్పుడు బాగుండి, పరుగులోను, ఎత్తు ఎక్కునప్పుడును కాగు బండికి చాలవరకు నీటి కొరత. ఏలయనగా బండి పరుగెత్తునప్పుడు ఎదురుగాలి దానంతటదియే రేడియేటరును దూసికొని పోవును. నిలిచియున్నప్పుడు ఫ్యాను ఒక్కటియే దిక్కు.

గాలి కొరత గల బండికి ముందుగా చూడవలసినది బెల్టు. నూనె మరకలు పడి నున్ననై జారు బెల్టు ఫ్యానునే గాక, అనేక బండ్లలో నీటిపంపును గూడ నెమ్మదింపజేయును. పిమ్మట రేడియేటరు రెక్కల నడుమ చిక్కిన పురుగులు, దుమ్ము, నూనెజిడ్డు. వీనిని ముందునుండి కాక వెనుకనుండి, అనగా గాలి వచ్చు దిక్కునకు ఎదురుగా, నీటితో కడుగుదురు. తరువాత ఫ్యాను చుట్టునుండు రేకు తొడుగు. ఈ తొడుగు లేనిచో ఫ్యాను తనకు ఎదురుగానున్న గుండ్రని భాగము గుండ మాత్రమే గాలిని లాగును. మూలలు నాలుగును నిరుపయోగములగును. అంతేగాక, వెనుకకు త్రోసిన వేడిగాలినే తిరిగి ప్రక్కలనుండి లాగుకొనును. ఇంజను మార్చిన జీపులకు నేర్పరియైన మిస్త్రీ క్రొత్త తొడుగును రేకుతో కత్తిరించి, ఫ్యాను రెక్కల వెడల్పులో ఇంచుమించు సగము తొడుగులోపలను, సగము వెలుపలను ఉండునట్లు అమర్చును. ఇంత స్వల్పమైన పనితో, పెద్ద రేడియేటరుకై సిద్ధపడిన యజమాని ధనము మిగిలిన సందర్భములు అనేకములు.

నీటి కొరత గల బండి పరీక్ష ఇంతకంటె సూక్ష్మమైనది. బండిని కొంతసేపు నడిపి, ఇంజను నాపి, ఫ్యాను తిరుగుట నిలిచిన పిదప, మిస్త్రీ అరచేతిని రేడియేటరు ముఖముపై పైనుండి క్రిందికి, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు మెల్లగా జరుపును. వేడి పైన ఎక్కువగాను, క్రింద తక్కువగాను క్రమముగా మారవలెను. నడుమ ఎక్కడైన చేతికి చల్లగా తగిలినచో, ఆ చోట గొట్టములు మూసికొనిపోయి నీరు పారుటలేదని తెలియును. పిమ్మట క్రింది రబ్బరు గొట్టము. పంపు దీనిగుండ నీటిని పీల్చును గనుక, పాతబడి మెత్తనైన గొట్టము లోపలి తీగచుట్ట తుప్పుపట్టి పోయినచో, ఇంజను వేగము హెచ్చగనే అది లోనికి ముడుచుకొని నీటిని ఆపివేయును. నెమ్మదిగా నడుచునప్పుడు ఏ దోషమును కనిపింపదు. అందుచేత మిస్త్రీ ఒకరిని యాక్సిలరేటరు త్రొక్కుమని, తాను వంగి ఆ గొట్టమును కనిపెట్టి చూచును.

గొట్టములు మూసికొనుటకు ఈ ప్రాంతమున మూలకారణము బోరునీరు. గ్రానైటు శిలల నడుమనుండి పైకి వచ్చు కఠినజలములోని సున్నపు లవణములు, నీరు కాగినప్పుడు పెచ్చులై లోహము నంటుకొనును. అట్టి పెచ్చు వేడిని ప్రసరింపజేయు శక్తిలో ఇనుముకంటె ఇరువదింతలకు పైగా తక్కువ. దారిలో దొరికిన బోరునీటిని ప్రతిదినము పోసికొను డ్రైవరు, దినదినమును తన ఇంజనుకు లోపల కంబళి కప్పుచున్నాడనవచ్చును.

ఇట్టి రేడియేటరును బాగుచేయు తీరు దగ్గరగా చూడదగినది. దానిని దింపి నిలువుగా బిగించి, పై ట్యాంకును, గొట్టములు, రేకులు కూడిన నడిమి భాగమగు 'కోరు'కు కలిపిన టంకము వెంబడి మంటను త్రిప్పుదురు. సీసము, తగరము కలిసిన టంకము 183 డిగ్రీల వద్దనే మెత్తబడ నారంభించును గనుక, ఇత్తడికి హాని కలుగకుండ అతుకు విడిపోవును. ట్యాంకును పట్టకారుతో ఎత్తగనే, వరుసలు తీరిన గొట్టముల నోళ్లు బయటపడును; వానిలో కొన్ని తెల్లని, మరికొన్ని ఎఱ్ఱని పెచ్చుతో నిండియుండును. గొట్టములు చదునైనవి, వాని గోడ మిల్లీమీటరులో అయిదవ వంతైనను మందము లేనిది. కావున మిస్త్రీ గుండ్రని కమ్మిని వాడక, పలుచని చదునైన ఉక్కు బద్దను గొట్టములో దించి, అడ్డు తగిలిన చోట బలము చూపక, పైకి తీసి, నీరు పోసి, మరల దించుచు, క్రింద వెలుతురు కనిపించువరకు ఒక్కొక్క గొట్టమునే శుభ్రపరచును. తొందరపడినచో గోడ చీలును. చీలిన గొట్టమును రెండు కొనలను టంకముతో మూసివేయుట తప్ప గత్యంతరము లేదు. పిమ్మట అతుకుచోట్లను మెరయునట్లు గీకి, ఆమ్లము రాచి, ట్యాంకును తిరిగి అతికి, నోళ్లన్నియు బిగించి, నీటితొట్టిలో ముంచి లోనికి గాలి కొట్టుదురు. ఎక్కడనైనను బుడగలు లేవనిచో పని పూర్తియైనట్లు.

రేడియేటరు శుద్ధమైనను వ్యాధి తగ్గనిచో, నీరు కాగినప్పుడు తెరచుకొని దానిని రేడియేటరుకు వదలు థర్మోస్టాటును, రేడియేటరు మూతను చూడవలెను. వేసవిలో థర్మోస్టాటును తీసి పారవేయుట మన షెడ్లలో బహుళముగా నున్న అలవాటు. అది అన్ని ఇంజనులకు మేలు చేయదు. థర్మోస్టాటు తెరచుకొన్నప్పుడు అడ్డదారిని మూయు ఏర్పాటుగల ఇంజనులలో దానిని తీసివేసినచో, నీటిలో కొంత రేడియేటరును చేరకయే అడ్డదారిన తిరిగి ఇంజనునకు పోవును. సరియైన పద్ధతి వేరు: దానిని దారముతో నీటిపాత్రలో వ్రేలాడగట్టి, ఉష్ణమాపకముంచి, నీటిని కాచి, దానిపై ముద్రించిన అంకెకడ తెరచుకొనుచున్నదా యని చూచుట. మూత సంగతియు అంతే. 7 పౌండ్ల ఒత్తిడి నిలుపు మూత, సముద్రమట్టమున, నీటి మరుగుస్థానమును సుమారు 111 డిగ్రీలకును, 15 పౌండ్ల మూత సుమారు 121 డిగ్రీలకును పెంచును. స్ప్రింగు అలసిన మూత మంచి ఇంజనును గూడ మరిగించును. అట్లని బలహీనమైన పాత రేడియేటరుకు ఎక్కువ ఒత్తిడి మూత బిగించినచో అతుకులు విడును.

ఇంకను తగ్గనిచో దోషము ఇంజనులోనే యుండును. చల్లని ఇంజనుకు మూత తీసి, నీరు నిండుగా పోసి, నడిపి చూచునప్పుడు, బుడగలు ఎడతెగక పైకి వచ్చుచుండినచో హెడ్ గాస్కెట్ పోయి, సిలిండరులోని వాయువు నీటిలోనికి దూరుచున్నదని నిశ్చయింపవచ్చును. పెట్రోలు ఇంజనులలో రవ్వ ఆలస్యముగా పడుటయు, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువగుటయు వేడిని పెంచును. మరియొక వ్యాధి వేడెక్కుటవలెనే భ్రమ గొల్పును: ఎండలో అంబాసిడరు ఆగిపోవునప్పుడు నీరు మరుగకయే, పంపులోని పెట్రోలు ఆవిరియై ప్రవాహము తెగిపోయి యుండవచ్చును. వెనుకటి డ్రైవర్లు పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టుట ఈ జ్ఞానమువలననే.

పరంపరగా వచ్చిన చిట్కాలన్నియు సమాన విలువ గలవి కావు. కారు రేడియేటరులో పసుపు పోసినచో చిన్న కారుట ఊరు చేరువరకు ఆగును. ఆ పసుపే మిగిలిన సన్నని గొట్టములను పూడ్చును. మరిగిన ఇంజనుపై చన్నీళ్లు గుమ్మరించుట పోతయినుము పగులుటకు దారితీయును. ఆవిరి అణగినదాక వేచి, ఇంజనును నెమ్మదిగా నడుపుచు, నీటిని సన్నని ధారగా పోయుట క్షేమకరము. పెచ్చు పలుచగా నున్నప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీటిని నడిపి, పలుమారులు కడిగి, శుద్ధజలముతో కూలెంటు కలిపి పోయుట నేటికిని ఉత్తమమైన పద్ధతి. మనకు గడ్డకట్టు చలి లేకున్నను, కూలెంటు తుప్పును నివారించుటకును, మరుగుస్థానమును పెంచుటకును అవసరమే.

ఈ విద్యకు గల విలువ రాగి ఇత్తడి రేడియేటరు స్వభావములోనే యున్నది. దానిని విప్పవచ్చును, తోమవచ్చును, అతుకవచ్చును. కోరు మొత్తము పాడైనను పాత ట్యాంకులకు క్రొత్త కోరు కూర్చవచ్చును. ప్లాస్టికు ట్యాంకులు నొక్కి బిగించిన నేటి అల్యూమినియము రేడియేటరు తేలికయైనది, సమర్థమైనది. కాని చెడినచో సాధారణముగా పారవేసి వేరొకటి కొనవలసినదే. 2021 జూలైలో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నియమములు, 50 ఏండ్లు దాటి అసలు రూపమున నిలిచియున్న వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు అవకాశమిచ్చినవి. చట్రము, బాడీ, ఇంజను మార్చినవానికి ఆ గౌరవము లేదు. అసలు రూపమున నిలిచిన ఆ పాత బండ్లు తమ సొంత ఇంజనుతో, సొంత రేడియేటరుతో రోడ్డుపై తిరుగవలెనన్నచో, టంకము పట్టు చేతులు నిలువవలెను.

ఆ చేతులు నిలుచుటకు చేయవలసిన పనులు స్పష్టములు. సీసపు పొగలోను, ఆమ్లపు ఘాటులోను పనిచేయువారికి గాలి ఆడు షెడ్డు, చేతి తొడుగులు, ముసుగు సమకూర్చవలెను. ఐ.టి.ఐ.లలో మోటారు విద్య నేర్చు పిల్లలకు భాగము మార్చుటతోపాటు దోషమును వెదకు క్రమమును గూడ ఈ ఉస్తాదులచేత చెప్పింపవలెను. బండి యజమానులును తమ అలవాటు నొకదానిని మార్చుకొనవలెను: మార్చిన సామానుకు మాత్రమే సొమ్మిచ్చి, సామాను మార్చనక్కరలేదని కనుగొన్న బుద్ధికి కూలి ఇయ్యకుండుట న్యాయము కాదు. బెల్టు బిగించి, తొడుగు సవరించి బండిని పంపివేసిన మిస్త్రీ, క్రొత్త రేడియేటరు అమ్మిన వర్తకునికంటె మనకు ఎక్కువ మేలు చేసినాడు. ఆ మేలుకు తగిన ప్రతిఫలము ముట్టిననాడే ఈ విద్యను నేర్చుకొనుటకు మరియొక తరము ముందుకు వచ్చును.