ప్రభుభోజనవాక్యము: లక్షణావిచారము

కడపటి భోజనమున రొట్టెను జూపి, అది తన శరీరమని క్రీస్తు పలికిన పలుకునకు వాచ్యార్థమా, లక్ష్యార్థమా యని 1529లో జర్మనీయందలి మార్బుర్గున సంస్కర్తలలో వాదము నడచెను. లూథరు వాచ్యార్థమునే పట్టి, రొట్టెయందు ప్రభుశరీరసాన్నిధ్యము నంగీకరించెను. జ్వింగ్లీ లాటినులోని 'ఎస్ట్' అను క్రియకు సూచించుట యర్థమనెను. ఈకొలంపాడియసు శరీరశబ్దమునకే లక్షణ చెప్పెను. 15 అంశములలో 14 కుదిరినను, కడపటిదానియందు శరీరసాన్నిధ్య మొక్కటి కుదరలేదు.

తెలుగువాక్యమున నట్టి క్రియ వినబడదు. అధ్యాహార్యమందురేని, వినబడని పదమునకు లక్షణ చెప్పుట యుక్తము గాదు. కావున మనకు ఈకొలంపాడియసు మార్గమే చెల్లును. అయినను, గంగయందు గొల్లపల్లె యన్నచోట ముఖ్యార్థము బాధితమగుటచేతనే తీరము తోచును. ఇచట నట్టి బాధ కలదా యనుటయే వివాదము. దానిని దీర్చునది విశ్వాసము, వ్యాకరణము గాదు.