తిరిగి రాని గ్లాసు

నాయుడుపేట నుండి సూళ్ళూరుపేటకు పోవు దారిలో, దొరవారిసత్రము సమీపమున, నేలపట్టు అను చెరువు కలదు. ఏటేటా వానలు పడిన పిమ్మట గూడబాతులు అచ్చటికి వచ్చి, నీటిలో నిలిచియున్న చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. ఇంకను దక్షిణమునకు పోయినచో పులికాటు సరస్సు వచ్చును. మన దేశమునందలి ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత ఇదియే పెద్దది. శీతకాలమున ఇచ్చట వేలకొలది ఫ్లెమింగోలు దిగును. ఈ పక్షుల పేరిట 2001లో ఒక ఉత్సవము ఆరంభమైనది. నడుమ కొన్ని సంవత్సరములు ఆగి, 2025 జనవరి 18 నుండి 20 వరకు మరల జరిగినది. పగలు పక్షులను చూచుట, సాయంకాలము బహిరంగ వేదికపై సంగీత నృత్యములు, ఇది ఆ ఉత్సవపు తీరు.

వేల మంది ఒకచోట కూడి ఆరుబయట పాట వినునపుడు వారికి దాహము వేయును, ఆకలి వేయును. ఒక మైదానమున ఇరువది వేల మంది కూడినారని అనుకొందము. ఒక్కొక్కరు మూడుసార్లు మాత్రమే ఏదో ఒకటి త్రాగినను, ఒక్క రాత్రికి అరువది వేల గ్లాసులు కావలెను. వాటిలో ప్రతి ఒక్కటియు రెండు మూడు నిమిషములు పని చేసి చెత్తయగును. ఇది ఫ్లెమింగో పండుగకే చెందిన చిక్కు కాదు. జాతరకు, తిరునాళ్ళకు, సినిమా పాటల కచేరీకి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున జరుగు త్యాగరాజ ఆరాధనకు కూడ ఇదే లెక్క వర్తించును. కాని పక్షుల మేలు కోరి జరుపు పండుగలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ.

ఎందుకనగా ఫ్లెమింగో మేత మేయు విధము విచిత్రమైనది. అది తల క్రిందులు చేసి ముక్కును నీటిలో ముంచును. నాలుకను పంపు కాడ వలె ఆడించి నీటిని లోనికి లాగి వెలుపలికి నెట్టును. ముక్కు అంచులలో దువ్వెన పళ్ళ వంటి సన్నని పొరలు ఉండును. అవి నీటిని వదలి, చిన్న రొయ్య జాతి ప్రాణులను, నాచును నిలుపుకొనును. అనగా ఈ పక్షి ముక్కు ఒక జల్లెడ. జల్లెడకు పరిమాణము తెలియును గాని పదార్థము తెలియదు. పాలిథీను, పాలిప్రొపిలీను ఎండలోని అతినీలలోహిత కిరణములకు పెళుసుబారి, ముక్కలై, తుదకు 5 మిల్లీమీటర్లకు లోబడిన రేణువులగును. సూళ్ళూరుపేట కాళంగి నది ఒడ్డున ఉన్నది. కాళంగి పులికాటులో కలియును. మైదానమున ఊడ్వక విడిచిన గ్లాసు సరస్సును చేరుటకు గాలియు, ఒక వానయు చాలును.

ఈ విషయమున చట్టము లేకపోలేదు. 2021 ఆగస్టు 12న కేంద్ర ప్రభుత్వము ప్లాస్టిక్ వ్యర్థముల నియమములను సవరించినది. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, పీల్చు గొట్టములు, అలంకారమునకు వాడు థర్మోకోలు మొదలైన వాటి తయారీ, అమ్మకము, వాడుక నిషిద్ధములైనవి. 100 మైక్రానులకంటె పలుచని బ్యానర్లు కూడ ఇందు చేరినవి. ఈ నియమము వలన మేలు జరుగలేదనుట న్యాయము కాదు. తిరిగి కరగించుటకు అలవి కానివి, ఏరుటకు చేత చిక్కనివి అగు వస్తువులను ఎంచి పట్టికలో చేర్చుట తెలివిగల పనియే.

అయినను ఈ విధానమున ఒక మౌలికమైన లోపమున్నది. పట్టిక వస్తువుల పేర్లను నిషేధించును; ఒకసారి వాడి పారవేయు అలవాటును అది తాకదు. పట్టికలో నీళ్ళ సీసా లేదు, నీళ్ళ ప్యాకెట్టు లేదు. కాగితపు గ్లాసు పేరు కూడ అందులో కానరాదు. ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు గ్లాసును పొరుగున ఉన్న తమిళనాడు 2019 జనవరి 1 నుండియే పేరు పెట్టి నిషేధించినది. కనుక ఒక పేరును కొట్టివేయగానే దాని స్థానమున మరొకటి వచ్చి కూర్చుండును. చెత్త కుప్ప ఎత్తు మాత్రము తగ్గదు.

కాగితపు గ్లాసు సంగతియే చూడుడు. వట్టి కాగితము నీటిలో నానిపోవును. అందుచేత లోపలి వైపున పలుచని ప్లాస్టిక్ పొర అతికింతురు. సాధారణముగా అది పాలిథీను. ఈ రెండింటిని విడదీయుట కష్టము గనుక ఆ గ్లాసు అటు కాగితపు మిల్లుకును పనికిరాదు, ఇటు ప్లాస్టిక్ కరగించువానికిని పనికిరాదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో ప్రకటించిన ప్రయోగములో, 85 నుండి 90 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల ద్రవమును 100 మిల్లీలీటర్లు ఇట్టి గ్లాసులో పోసి 15 నిమిషములు ఉంచగా, సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోనికి వచ్చినవి. ప్లాస్టిక్కుకు బదులుగా వచ్చినదని చెప్పుకొను గ్లాసు స్థితి ఇది.

ఇక రెండవ ప్రత్యామ్నాయము, మొక్కజొన్న మొదలైన వాటి పిండిపదార్థముతో చేసిన "మట్టిలో కలిసిపోవు" ప్లాస్టిక్కు. ఇది మంచి రసాయనశాస్త్రమే. కాని దాని గుణమును నిర్ణయించు పరీక్ష ఎట్లు జరుగునో తెలిసికొనవలెను. కంపోస్టు కుప్పలో, 58 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర వేడిని నిలిపి, 180 దినములలో అందలి కర్బనములో నూటికి 90 వంతులు బొగ్గుపులుసు వాయువుగా మారినదా అని చూతురు. ఆ వేడి, ఆ తేమ, ఆ సూక్ష్మజీవులు చక్కగా నడుపు కంపోస్టు కేంద్రమున ఉండును. పులికాటు ఒడ్డున ఉప్పు బురదలో ఉండవు. కనుక ఆ గ్లాసును ఏరి కంపోస్టు కేంద్రమునకు చేర్చు ఏర్పాటు లేనిచో, దానిపై అచ్చువేసిన ఆకుపచ్చని గుర్తు వలన పక్షికి ఒరుగునది ఏమియు లేదు.

అయినచో పలుమారులు వాడు గట్టి గ్లాసు మేలు గదా యని ఎవరైన అనవచ్చును. ఇచ్చటనే లెక్క అవసరము. ఉదాహరణకు పారవేయు గ్లాసు బరువు 4 గ్రాములు, గట్టి గ్లాసు బరువు 40 గ్రాములు అనుకొందము. గట్టి గ్లాసు కనీసము పదిసార్లు వాడిన గాని ఖర్చయిన ప్లాస్టిక్కులో రెండును సమానము కావు. ఇచ్చిన ప్రతి నూరు గ్లాసులలో 90 తిరిగి వచ్చుచున్నవనుకొనుడు. మొదటిసారి 100, రెండవసారి 90, మూడవసారి 81, ఇట్లు కూడుకొనుచు పోయినచో మొత్తము 1,000 వాడుకలగును. అనగా ఒక్కొక్క గ్లాసు సగటున పదిసార్లు పని చేసినది. ఇది గుణశ్రేఢియే. కాని సగము మాత్రమే తిరిగి వచ్చినచో 100, 50, 25, ఇట్లు కూడగా 200 మాత్రమే. సగటున రెండే సార్లు. అప్పుడు ఒక్కొక్కసారికి 20 గ్రాముల ప్లాస్టిక్కు ఖర్చు. పారవేయు గ్లాసుకంటె ఐదు రెట్లు అధికము! నూటికి 95 తిరిగి వచ్చినచో మాత్రము సగటు ఇరువదికి పెరుగును, ఖర్చు 2 గ్రాములకు దిగును.

దీనినిబట్టి తేలునదేమి? గ్లాసు దేనితో చేసినారన్నది రెండవ ప్రశ్న. నూటికి ఎన్ని తిరిగి వచ్చినవన్నది మొదటి ప్రశ్న. మన చర్చలు రెండవ ప్రశ్నను పట్టుకొని మొదటిదానిని విడిచినవి.

తిరిగి రప్పించుట మనకు కొత్త విద్య కాదు. గోలీసోడా త్రాగినవాడు సీసాను అంగడివాని చేతికి ఇచ్చియే కదలును. సోడా కొన్నాడు గాని సీసా కొనలేదు గదా. నీలగిరి జిల్లాలో 2022 మే నుండి మద్యపు సీసాకు పది రూపాయలు అదనముగా తీసికొని, ఖాళీ సీసా తెచ్చినవారికి ఆ సొమ్ము తిరిగి ఇచ్చుచున్నారు. అడవిలో పడవలసిన సీసాలు అంగడికి చేరినవి. తిరుమలలో 2022 జూన్ 1 నుండి ఒకసారి వాడు ప్లాస్టిక్కును పూర్తిగా నిషేధించి, అలిపిరి వద్దనే తనిఖీ చేసినారు. ఆ నిషేధము ఒంటరిగా రాలేదు. ఉచితముగా నీరు పట్టుకొను కేంద్రములు, ధరావతు తీసికొని ఇచ్చు గాజు సీసాలు దానికి తోడుగా ఉన్నవి. దినమునకు వేలాది యాత్రికులు వచ్చు కొండపై సాధ్యమైన పని, అదే జిల్లాలో మూడు దినముల పండుగకు అసాధ్యమనుట పొసగదు. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవమున 2017లో పది లక్షలకు పైగా నీళ్ళ సీసాలు అమ్ముడుపోయినవి. 2019లో వాటి అమ్మకమునే మాని, మైదానమంతట కుళాయిలు పెట్టినారు. మన భాషలో దానికి వేరే పేరు వెదకనక్కరలేదు; అది చలివేంద్రమే.

నిజమునకు పండుగ మైదానము వీధికంటె ఈ పనికి అనువైనది. రాకపోకలకు ద్వారములు కొన్నియే. త్రాగినవాడు గంటల తరబడి అచ్చటనే ఉండును. గ్లాసు ఇచ్చినవాడును పుచ్చుకొనువాడును ఒక్కడే కావచ్చును.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. గ్లాసులు కడుగుటకు నీరు కావలెను. వేసవిలో ఈ ప్రాంతమున నీటికి ఎద్దడి కలదు. సరిగా కడుగని గ్లాసు రోగములను పంచును. ఈ రెండును నిజములే. కనుక వేడినీటితో శుభ్రము చేయు కేంద్రము ఏర్పరచలేని చిన్న జాతరలో గ్లాసును తెచ్చుకొనుమని ప్రజలకే చెప్పి, చలివేంద్రములను పెంచుట మేలు. భోజనమునకైతే విస్తరాకు ఉండనే ఉన్నది. అది తిరిగి రానక్కరలేదు, మట్టిలో కలియును. కాని ఇందును ఒక మోసము ప్రవేశించినది. యంత్రమున అదిమిన విస్తళ్ళు కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ పొర అతికించుచున్నారు. ఈనెపుల్లతో కుట్టిన ఆకు వేరు, ఆకు తొడిగిన ప్లాస్టిక్కు వేరు. ధరావతు పద్ధతికిని ఒక హద్దున్నది. సొమ్ము మరీ తక్కువైనచో గ్లాసు తిరిగి రాదు. మరీ ఎక్కువైనచో బీదవాడు నీరు త్రాగుటకు వెనుదీయును. అందుచేత త్రాగునీటికి ధరావతు ఉండరాదు; అమ్ము పానీయములకే ఉండవలెను.

ఉన్నత పాఠశాలలు ఈ విషయమున చేయదగిన పని ఒకటి కలదు. ఊరి తిరునాళ్ళలో ఒక అంగడిని ఎంచుకొని, గంటకు ఎన్ని గ్లాసులు ఇచ్చినారు, ఎన్ని తిరిగి వచ్చినవి, ఎన్ని చెత్తబుట్టలో పడినవి, ఎన్ని నేలపై పడినవి అని విద్యార్థులు లెక్కించవచ్చును. ఆ నాలుగు అంకెలతో సగటు వాడుకను కట్టుట గణిత తరగతిలో ఒక గంట పని. ఆ అంకెలు పంచాయతీ వారి ముందుంచినచో, "ప్లాస్టిక్ రహితము" అని వ్రాసిన బ్యానరుకంటె అవి ఎక్కువ చెప్పును.

రాబోవు పండుగలను తూచుటకు కూడ అదే కొలత కావలెను. ఏయే వస్తువులను నిషేధించితిమని నిర్వాహకులు ప్రకటించుట ఆచారమైనది. ఇకపై ఇచ్చిన గ్లాసులెన్ని, తిరిగి వచ్చినవెన్ని అను రెండు అంకెలను కూడ ప్రకటించవలెను. ఆ రెండింటికి నడుమ గల తేడాయే కాళంగి దారి పట్టగల గ్లాసుల గరిష్ఠ సంఖ్య.