కొల్లేటి గాలికి నిలిచే రికార్డరు

బ్యాటరీలు లేకుండా తూస్తే 60 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుంటే ఉన్న సంగతే గుర్తుండదు. జూమ్ హెచ్1ఎన్ అనే ఈ రికార్డరును టోక్యో కంపెనీ ఒకటి 2018లో మార్కెట్లోకి తెచ్చింది. వీడియో మీటింగుల జూమ్ వేరు, ఇది వేరు. ఈ కంపెనీ 1983 నుంచీ సంగీతం వాళ్ల కోసం పనిముట్లు చేస్తోంది. ఒళ్లంతా ప్లాస్టిక్కే కాబట్టి చేతిలోకి తీసుకోగానే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా, ఇటు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దాకా తిప్పి వాడాక మాత్రం నాకు ఒకటి గట్టిగా అనిపించింది. దీన్ని గీసినవాళ్లెవరో గానీ, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించడంలో ఉండే ఇబ్బంది వాళ్లకు బాగా తెలుసు. అవతలివాళ్ల ముఖం మీంచి మన చూపు మళ్లకుండా పని జరిగిపోవాలి. ఈ యంత్రంలో పనితనమంతా అక్కడే ఉంది.

ముందు తలభాగం చూడండి. ప్లాస్టిక్ కాపు వెనక రెండు చిన్న మైకులుంటాయి. కుడి పక్కనున్నది ఎడమకు చూస్తుంది, ఎడమ పక్కనున్నది కుడికి చూస్తుంది. వాటి చూపుల మధ్య కోణం 90 డిగ్రీలు. ఎక్స్-వై అమరిక అంటారు దీన్ని. రెండు మైకులూ దాదాపు ఒక్కచోటే ఉండటం వల్ల ధ్వని ఎటునుంచి వచ్చినా రెంటినీ ఒకేసారి చేరుతుంది. కుడి ఎడమల తేడా గట్టితనంలోనే తప్ప సమయంలో ఉండదు. మైకులు దూరంగా ఉంటే ఆ తేడా సమయంలోనూ వస్తుంది. అలాంటి రికార్డింగును ఒక్క స్పీకరున్న రేడియోలో వింటే రెండు వైపుల ధ్వనులూ కలిసి, కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఇక్కడ ఆ బెడద లేదు.

ఈ అమరిక విలువ తాటి దోనె మీద తెలుస్తుంది. దోనె నడిపేవాడు గడ దించినప్పుడు నీరు ఒక పక్క గళగళమంటుంది, రెండో పక్క తూటికాడ పొదలోంచి నీటికోడి అరుస్తుంది, మధ్యలో చేపలు పట్టే మావులు ఎక్కడ పెట్టాలో, నీరు ఎటు లాగుతోందో చెబుతున్న పెద్దాయన గొంతు. తరవాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే మూడూ మూడు చోట్ల నుంచి విడివిడిగా వినిపిస్తాయి. ఇదే తరగతికి చెందిన టాస్కామ్ డీఆర్-05ఎక్స్‌లో మైకులు అన్ని వైపుల నుంచీ వినే రకం. అరుగు మీద నలుగురు చుట్టూ కూర్చుని కబుర్లాడితే అదే మేలు. కానీ కొల్లేట్లో అది వీపు వెనకున్న చేపల చెరువు ఇంజన్ను కూడా అంతే శ్రద్ధగా వింటుంది.

మైకుల కిందనే నాబ్ ఉంటుంది. రేడియోకు ఉండేలాంటి మామూలు నాబే, 0 నుంచి 10 దాకా అంకెలు. ఎంత ధ్వని లోపలికి రావాలో నిర్ణయించేది ఇదే. యంత్రం ఆన్ చేయకముందే అది ఎంత మీద ఉందో కంటికి కనిపిస్తుంది. మాట్లాడుతున్నావిడ ఉన్నట్టుండి గొంతు తగ్గించి ఇంటి సంగతి చెబుతుంటే, తల దించకుండా బొటనవేలితో ఓ చిటికెడు పెంచుకోవచ్చు. ఇదే పని మెనూల్లోకి దూరి చేయాల్సిన రికార్డర్లు నేను చూశాను. మీరు మెనూలో అడుగుపెట్టి బయటికొచ్చేలోపు ఆవిడ మాట ఆపి ‘రికార్డవుతోందా అమ్మాయ్?’ అని అడుగుతుంది. అక్కడితో ఆ కబురు పోయినట్టే.

నాబ్ ఎందుకు, ఆటో లెవెల్ బటన్ ఉందిగా అనొచ్చు. ఉంది, కానీ వాడొద్దంటాను. మాట ఆగినప్పుడల్లా అది ‘ధ్వని తగ్గింది కాబోలు’ అనుకుని స్థాయి పెంచేస్తుంది. కొల్లేటి పెద్దవాళ్లు మాట మాటకీ ఆగి, చుట్ట పీల్చి, మళ్లీ మొదలెడతారు. ఆ ఖాళీల్లో చెరువుల్లో తిరిగే ఏరేటర్ల హోరు పొంగుకొస్తుంది, మాట మొదలవగానే మునిగిపోతుంది. గంటసేపు వింటే తల తిరుగుతుంది. నాబ్‌ను ఒక చోట నిలిపి, గొంతు బాగా లేచినప్పుడు కూడా మీటరు -12 దగ్గరే ఆగేలా చూసుకుంటే చాలు. సున్నాను తాకితే గొంతు పగులుతుంది. పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

ఫోను చాలదా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేదానికి చాలు. కానీ చాలా ఫోన్లు మాటను మాత్రమే నిలిపి, మిగతాదంతా చప్పుడుగా లెక్కేసి తుడిచేస్తాయి. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో ఎర్రకాళ్ల కొంగలు గూళ్ల మీద ముక్కులు టకటక కొట్టుకుంటాయి. పెద్దయ్యాక వాటి గొంతు పెద్దగా వినిపించదు, ఆ టకటకే వాటి మాట. ఫోను లెక్కలో అది వట్టి చప్పుడు. రికార్డరు ఆ తీర్పు ఇవ్వదు, విన్నది విన్నట్టు రాసుకుంటుంది. పైగా రికార్డు మధ్యలో దానికి ఫోన్ రాదు.

కొల్లేట్లో అసలు శత్రువు గాలి. గాలి మైకు పొరను నేరుగా నెడుతుంది కాబట్టి మాట మీద బండరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుంది. స్పాంజి తొడుగు ఇంట్లో ఫ్యాను కింద సరిపోతుంది. గట్టు మీద, దోనె మీద బొచ్చు తొడుగు వేసి తీరాలి. పొడుగాటి పోగుల్లో చిక్కుకుని గాలి జోరు చస్తుంది, మాట మాత్రం సాఫీగా లోపలికి వెళుతుంది. లోకట్ అనే ఇంకో బటన్ ఉంది. గొంతుకు అవసరం లేని అడుగు స్థాయి హోరును కోసేస్తుంది. ఏరేటర్లకు, లారీలకు, ఏలూరు మీదుగా పోయే మెయిన్ లైను రైళ్లకు పనికొస్తుంది. ఇది తొడుగుకు సాయమే గానీ బదులు కాదు.

దీని పెద్ద లోపం కూడా చెప్పాలి. ఆ తేలికపాటి ప్లాస్టిక్ ఒళ్లు వేళ్ల కదలికను మైకులకు మోసుకెళుతుంది. పట్టుకుని రికార్డు చేస్తే గరగర తప్పదు. వీపున చిన్న మర రంధ్రం ఉంది, దానికి చిన్న స్టాండు బిగించాలి. దోనె మీద స్టాండు కుదరదు, చెక్క అదురు కూడా పాకుతుంది. తువ్వాలు నాలుగు మడతలేసి దాని మీద పెట్టడమే మార్గం.

ఇంక తాడేపల్లిగూడెం. లారీల హారన్లు, హమాలీల కేకలు, బేరాల గోల మధ్య నాబ్ ఎంత మీద పెట్టాలో తేల్చుకునేలోపే పది రకాల స్థాయిలు మారిపోతాయి. ఇలాంటి చోట్ల కోసమే జూమ్ వాళ్లు 2024లో హెచ్1 ఎసెన్షియల్ తెచ్చారు. అందులో నాబే లేదు. చిన్న ధ్వనికి ఒకటి, పెద్ద ధ్వనికి ఒకటిగా ధ్వనిని అంకెల్లోకి మార్చే రెండు సర్క్యూట్లు ఒకేసారి పనిచేస్తాయి. వాటి లెక్కలు కలిపి 32 బిట్ల ఫ్లోట్ పద్ధతిలో ఫైలు రాస్తుంది. గుసగుసను ఇంటికొచ్చాక పెంచుకోవచ్చు, కేకను తగ్గించుకోవచ్చు. మెనూలను గొంతుతో చదివి చెప్పే ఏర్పాటు కూడా పెట్టారు, చూపు లేనివాళ్లూ సొంతంగా వాడుకోగలరు. అది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. అయితే మైకు తట్టుకునే హద్దు మైకుకు ఉంటుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో డప్పు పక్కనే పెడితే మైకు దగ్గరే పగిలిన ధ్వనిని 32 బిట్లు కాదు, ఎన్ని బిట్లూ కాపాడలేవు. నాలుగడుగులు వెనక్కి జరగాలి. దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇలా జేబులో రికార్డరు వేసుకుని తిరిగే సుఖం కొత్తది. జీన్ రోగేర్ అనే అమెరికన్ 1974లో పల్నాటి వీరుల కథను ఆలిసెట్టి గాలెయ్య పాడుతుండగా టేపు మీదికెక్కించారు. దాని ఆధారంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం వచ్చింది. రీలు రోజుల్లో 600 అడుగుల టేపును సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిప్పితే 16 నిమిషాల్లో అయిపోయేది. కథ రక్తి కట్టే చోట రీలు మార్చాల్సి వస్తే ఆ పాడేవాళ్లు, రాసుకునేవాళ్లు ఏం చేసేవారో! ఇప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో గంట మాట సుమారు ఒక జీబీ. 96 పెట్టుకోమని అమ్మేవాళ్లు చెబుతారు గానీ మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. ఎంపీ3 మాత్రం వద్దు, వేవ్‌లోనే ఉంచండి.

వాడే తీరు గురించి కొద్దిగా. యంత్రం ఎదుటివాళ్ల నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. సూటిగా పెడితే ‘ప’, ‘బ’ అన్నప్పుడల్లా ఊపిరి వచ్చి కొడుతుంది. మొదలెట్టగానే తారీఖు, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు మీ గొంతుతో చెప్పండి. బ్యాటరీలు తీసి చాలాకాలం ఉంచితే గడియారం తప్పిపోతుంది, మీ గొంతు తప్పదు. మీటను హోల్డ్ వైపు జరిపి పెట్టండి, పొరపాటున వేలు తగిలినా రికార్డు ఆగదు. దాచిపెట్టి మాత్రం రికార్డు చేయకండి. చూపించి, అడిగి మొదలెట్టండి. గుడివాకలంకలో ఓ పెద్దాయన దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఆయ్, ఇదేటండీ బాబూ, బీడీ కట్టంత ఉంది, నా మాటలన్నీ పడతాయా ఇందులో?’ అన్నాడు. ‘పడతాయి తాతా’ అంటే, ‘అయితే మా నాన్న వేసే వలల పేర్లు కూడా చెబుతానుండు’ అని సర్దుకు కూర్చున్నాడు. చూపించి అడిగితే జరిగేది ఇదే. ఇంటికొచ్చాక ఆ పేర్లు కాగితం మీద పెట్టడానికి వేగం తగ్గించి వినే వీలు, ఒక ముక్కనే మళ్లీమళ్లీ తిప్పే వీలు ఈ చిన్న పెట్టెలోనే ఉన్నాయి.

రెండింట్లో ఏది కొనాలంటే, మనుషుల మాట కోసమైతే హెచ్1ఎన్, ఇంకా దొరుకుతుంటే. జాతరలు, మార్కెట్లు రికార్డు చేసేవాళ్లకు ఎసెన్షియల్. రెండూ వేలెడంత ట్రిపుల్-ఏ బ్యాటరీలు రెండింటితో నడుస్తాయి. కైకలూరులో కిరాణా కొట్లో కూడా దొరికే బ్యాటరీలవి, ఛార్జరు వెతుక్కోనక్కర్లేదు. హెచ్1ఎన్‌కు 32 జీబీ వరకే కార్డు చెల్లుతుంది, 30 గంటల మాట అందులో పడుతుంది. కాబట్టి పెద్ద కార్డు మీద డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో బొచ్చు తొడుగు కొనండి.