బుల్లెట్‌ది తాళం, ఫార్ములా కారుది శ్రుతి

పాత 350 బుల్లెట్‌ను స్టార్ట్ చేసి, ఐడ్లింగులో వదిలి, పక్కన నిలబడి వినండి. ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ బండి కాబట్టి రెండు చుట్లకోసారి సిలిండర్‌లో పెట్రోలు మండుతుంది. అంటే సెకనుకు ఏడున్నర దెబ్బలు. మృదంగం మీద మంచి వేగంతో పడే సొల్లుకట్టు లాంటి లెక్క అది. దెబ్బకి దెబ్బ విడిగా వినిపిస్తుంది. ఇప్పుడు మెల్లగా రేస్ ఇవ్వండి. 2,400 చుట్ల దగ్గర దెబ్బలు సెకనుకు 20 అవుతాయి. ఇంచుమించు అక్కడ మన చెవి దెబ్బలను విడదీయడం మానేస్తుంది. అంతవరకు తాళంగా ఉన్నది నాదమైపోతుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. సరళీ వరసలు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని ప్రతిసారీ వేగం రెట్టింపు చేస్తూ పాడించేది అందుకే కాకపోయినా, ఆ లెక్క అక్కడికే దారి తీస్తుంది. సెకనుకు ఒక దెబ్బతో మొదలుపెట్టి ఏడుసార్లు రెట్టింపు చేస్తే 128 వస్తుంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం సెకనుకు 131 కంపనాల దగ్గర ఉంటుంది. గొంతు అంత వేగంగా అక్షరాలు పలకలేదు కానీ ఇంజను దెబ్బలు పలుకుతుంది.

హైదరాబాద్ శివారు మచ్చ బొల్లారంలో ఈ ప్రయోగానికి బండి వెతుక్కోవలసిన పని లేదు. పక్కనే కంటోన్మెంటు. సైన్యం ఇచ్చిన ఆర్డరు వల్లనే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది కాబట్టి, ఫౌజీ కుటుంబాలున్న ఊళ్ళలో బుల్లెట్లు మిగతాచోట్ల కంటే ఎక్కువే కనిపిస్తాయి. ఒకవైపు అల్వాల్, ఒకవైపు బొల్లారం రైల్వే స్టేషను, కొంచెం అవతల శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి. చప్పుళ్ళకు కొదవలేని చోటు. ఆ చప్పుళ్ళలో సంగీతం వినగల చెవులు మాత్రం తక్కువ. కచేరీలకు వెళ్ళేవాళ్ళు ఇంజను మోతకు చెవులు మూసుకుంటారు. రేసుల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కచేరీ అంటే ఆవలిస్తారు. నా దృష్టిలో ఈ ఇద్దరిదీ ఒకటే పిచ్చి. ఇద్దరూ కాలాన్ని కొలుస్తున్నవాళ్ళే.

ఈ రెండు పిచ్చులూ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణకు ప్రపంచం మొత్తం జార్జ్ హారిసన్‌ను చూపిస్తుంది. లివర్‌పూల్ దగ్గర ఐన్‌ట్రీలో 1955 బ్రిటిష్ గ్రాండ్ ప్రి చూసిన పన్నెండేళ్ళ కుర్రాడు తరవాత బీటిల్స్ గిటారిస్టు అయ్యాడు. 1966లో సితార్ నేర్చుకోవడానికి రవిశంకర్ దగ్గరికి బొంబాయి వచ్చాడు. 1979లో ఫార్ములా వన్ డ్రైవర్ల మీద ‘ఫాస్టర్’ అనే పాట చేశాడు. అది రేసు కార్ల మోతతోనే మొదలవుతుంది. సితార్ ముందు గంటలకొద్దీ కూర్చున్న చెవికి ఇంజను మోత పాటలో పెట్టదగినదిగా తోచిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

మన తాళశాస్త్రం దగ్గర ఇంజన్లను విడదీసి చూపించే పనిముట్లు ఇంకా మెరుగైనవి ఉన్నాయి. తిస్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. మారుతి 800కి మూడు సిలిండర్లు. దాని నడక తిస్రం. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లు నాలుగు సిలిండర్లవి, చతురశ్రం. 1980లలో ర్యాలీలను ఏలిన ఆడి క్వాట్రోకి అయిదు. ఆ బండి గొంతు మిగతావాటి కంటే వేరుగా ఉంటుందని ర్యాలీ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఖండనడక విన్న చెవికి ఆ తేడా ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది.

అసలు రుచి సమానంగా మండని ఇంజన్లలో ఉంది. హార్లే డేవిడ్‌సన్‌లో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉంటాయి, రెండు పిస్టన్లకూ క్రాంకు మీద ఆధారం ఒకటే. అందువల్ల ఒక దెబ్బ తరవాత రెండోది 315 డిగ్రీలకు పడుతుంది, ఆ తరవాతిది 405 డిగ్రీలకు. రెండింటినీ 45తో భాగించండి. ఏడు, తొమ్మిది! మిశ్రం, సంకీర్ణం కలిపి పదహారు అక్షరాల ఆవర్తనం. హార్లే కుంటుతున్నట్టు వినిపిస్తుందని కొందరు నవ్వుతారు గానీ, అది కుంటడం లేదు, 7+9 వాయిస్తోంది. ఇక రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో తెచ్చిన 650 ట్విన్ సంగతి. దాని క్రాంకు 270 డిగ్రీలది. దెబ్బలు 270 డిగ్రీలకొకటి, 450 డిగ్రీలకొకటి పడతాయి. 90తో భాగిస్తే మూడు, అయిదు. మొత్తం ఎనిమిది. ఆది తాళం ఎనిమిది క్రియలను మూడుగా, అయిదుగా విరిచి మోరా కట్టే మృదంగ విద్వాంసులు ఎందరో ఉన్నారు. ఆ బండిని తయారుచేసిన ఇంజనీర్ల మనసులో ఆది తాళం ఉండి ఉండదు. కంపనాలు అదుపులో ఉండాలనీ, చప్పుడు పాతకాలపు వి-ట్విన్ లాగా ఉండాలనీ చూసి ఉంటారు. అయినా పడింది మాత్రం మన లెక్కలోనే.

శ్రుతి వైపు వస్తే, మన తరానికి తెలిసిన గొంతు యమహా ఆర్‌ఎక్స్ 100ది. 1985లో వచ్చి 1996లో వెళ్ళిపోయిన బండి. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకూ మండుతుంది. 7,500 చుట్ల దగ్గర దానికి పూర్తి బలం వస్తుంది. అక్కడ సెకనుకు 125 దెబ్బలు. ఒకటి శ్రుతికి కాస్త కింద. అదే చుట్ల దగ్గర బుల్లెట్ పలకగలిగితే సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది, ఎందుకంటే దానిది రెండు చుట్లకో దెబ్బ. టూ స్ట్రోక్ బండ్లు కీచుమంటాయనీ బుల్లెట్ గంభీరంగా ఉంటుందనీ అందరం అనుకుంటాం. దాని వెనక ఉన్నది ఈ ఒక్క స్థాయి తేడా, దానికి తోడు సైలెన్సర్ ఇచ్చే గాత్రధర్మం.

వినడమే విద్యగా బతికినవాళ్ళు మెకానిక్కులు. పాత బండి కార్బురేటర్ ట్యూనింగు చూసినవాళ్ళకు ఈ పద్ధతి గుర్తుంటుంది. ముందు ఇంజను వేడెక్కాలి. చల్లని ఇంజను చెప్పేది నమ్మకూడదు. ఐడ్లింగు స్క్రూ కొంచెం పెంచి, మిక్చర్ స్క్రూను పూర్తిగా లోపలికి మెల్లగా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీస్తారు. అక్కడినుంచి పావు చుట్టు అటూ ఇటూ. ఏ స్థానంలో ఇంజను తనంతట తానే వేగం పుంజుకుని నిలకడగా పలుకుతుందో అదే సరైన చోటు. తరవాత ఐడ్లింగు తగ్గిస్తారు. తంబూరా తంతి కింద దారాన్ని మెల్లగా జరుపుతూ జీవ పలికేచోట ఆపడానికీ దీనికీ చెవికి సంబంధించినంతవరకు తేడా లేదు. సరిచూసుకోవడానికి ప్లగ్గు విప్పి చూస్తారు: నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, ఇటుక రంగు వస్తే సరి. కానీ కంటితో చూసేది సాక్ష్యం మాత్రమే. తీర్పు చెవిది.

పొడుగాటి స్క్రూ డ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే అలవాటు కూడా అలాంటిదే. బేరింగు అరిగిందా, చైను వదులైందా, టాపెట్లు బిగిశాయా అన్నది లోపలి చప్పుడు చెబుతుంది. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. టాపెట్లు కొంచెం టక్‌టక్ మంటుంటే జనం కంగారుపడతారు. మంచి మెకానిక్ “ఏం గాదు సార్, జర సప్పుడు ఉండనీ” అంటాడు. అసలు చప్పుడే చేయని టాపెట్ మరీ బిగిసిపోయి ఉండవచ్చు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఎంత చప్పుడు ఉండాలో తెలియడం ఈ విద్యలో కష్టమైన పాఠం. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. షెడ్డులో చేరిన కుర్రాడు చాలాకాలం పానాలు అందిస్తూ, పక్కన నిలబడి విని నేర్చుకుంటాడు. గురువు దగ్గర తంబూరా వేస్తూ నేర్చుకున్న శిష్యులున్నట్టే.

డ్రైవరుకూ చెవే దిక్కు. మలుపులో కన్ను రోడ్డు మీద ఉండాలి, మీటర్ మీద కాదు. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజను గొంతే చెప్పాలి. నాలుగో గేరులో 4,500 చుట్ల దగ్గర ఉన్న కారుకు మలుపు ముందు మూడో గేరు వేయాలనుకోండి. మూడో గేరులో అదే వేగానికి 6,000 చుట్లు కావాలి. బ్రేకు మీద కాలి ముందు భాగం నొక్కి ఉంచుతూనే, అదే కాలి అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్క తాకు తాకి, ఇంజనును 6,000కి లేపి, అప్పుడు క్లచ్ వదలాలి. 4,500 నుంచి 6,000 అంటే మూడుకు నాలుగు. షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఒక్క గంతు. ఆ మధ్యమం తప్పితే వెనక చక్రాలు ఒక్క క్షణం బిగుసుకుని కారు గిర్రున తిరగవచ్చు. కచేరీలో అపస్వరం పడితే విమర్శకుడు రాస్తాడు. ఇక్కడ టైర్ల గోడలో పడతాం. టైర్లు కూడా పాడతాయి. పట్టు అంచుకు చేరుతున్నప్పుడు ఒక కూత వస్తుంది. పట్టు పోయాక ఆ కూత తీరు మారుతుంది. కూత మారకముందే చేతులు సర్దుకున్నవాడు డ్రైవరు.

ఈ రేసింగు విద్య మన దేశంలో ఎక్కడ పెరిగిందంటే తెలుగువాళ్ళ పేరు చెప్పక తప్పదు. కోయంబత్తూరు మిల్లుల తెలుగు నాయుళ్ళలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన సుందరం కరివర్ధన్ తానే రేసు కార్లు గీసి, కట్టి, నడిపిన మనిషి. 1988లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే సింగిల్ సీటర్‌ను తెచ్చాడు. విదేశీ కారు దిగుమతి చేసుకోలేని కుర్రాళ్ళకు రేసింగు అందుబాటులోకి వచ్చింది ఆ మూడు సిలిండర్ల తిస్రనడకతోనే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో మొదలైన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే. ఈ దేశంలో రేసు కార్లు కట్టిన సృజనకారుల జాబితా ఎవరు రాసినా మొదటి పేరు ఆయనదే కావాలని నా అభిప్రాయం.

ఫార్ములా మారుతితో మొదలుపెట్టినవాళ్ళలో కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ ఒకడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడు. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో టైర్ల గొడవ వల్ల ఆరు కార్లే పరుగెత్తాయి. అతను నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. అతని వెనక మోగింది టొయోటా వి10. పది సిలిండర్ల ఇంజను 18,800 చుట్ల దగ్గర సెకనుకు దాదాపు 1,567 సార్లు మండుతుంది. అయిదు శ్రుతిలో పాడే గాయని ఆధార షడ్జానికి అది మూడు స్థాయిలు పైన. ఏ గొంతూ అక్కడికి హాయిగా వెళ్ళలేదు. 2014లో ఫార్ములా వన్ వి8 నుంచి టర్బో వి6కు మారినప్పుడు అభిమానులు గగ్గోలు పెట్టారు. లెక్క చూస్తే పాత వి8 18,000 చుట్ల దగ్గర 1,200. కొత్త వి6 మామూలుగా తిరిగే 12,000 దగ్గర 600. సరిగ్గా ఒక స్థాయి దిగింది. దానికి తోడు టర్బో పొగలోని శక్తిని మింగేసి గొంతు నొక్కింది. గాయకుడు ఒక్కసారిగా మంద్రంలోకి దిగి, మైకు కూడా తగ్గిస్తే శ్రోతలు గొణగరా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్, 18 మలుపులు, గెలిచింది జ్యాఁ ఎరిక్ వెర్న్. విద్యుత్ కార్లకు మోత లేదని చాలామంది పెదవి విరిచారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ కార్లకు ఒకటే గేరు. గేరు మారినప్పుడల్లా స్వరం తెగి కింద పడే అలవాటు వాటికి లేదు. ఆగినచోటి నుంచి పైవేగం దాకా ఒకే జారు. పెట్రోలు కారు హార్మోనియం మెట్లు అయితే ఇది గోటువాద్యం. మెట్లలేని ఆ సన్నని ఈలను వినడానికి కొత్త ఓపిక కావాలి, అంతే. 2024లో మళ్ళీ జరగవలసిన రేసు రద్దయింది. అదే ఏడాది నటుడు నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే రేసు జట్టును తీసుకున్నాడు; ఊరికి రేసింగుతో సంబంధం అలా మిగిలింది.

ట్రాక్ పక్కన కూర్చునే శ్రోతకూ ఒక కిటుకు. దూసుకొచ్చి దాటిపోయే వాహనం స్వరం దాటగానే జారుతుంది. ఎంత జారిందో దాన్నిబట్టి వేగం చెప్పవచ్చు. ధ్వని వేగంలో అయిదో వంతుతో, అంటే గంటకు సుమారు 250 కిలోమీటర్లతో కారు వెళ్తే, వచ్చేటప్పటి స్వరం పంచమం, పోయేటప్పటిది షడ్జం. రాజీవ్ రహదారి మీద 60 కిలోమీటర్ల వేగంతో హారన్ కొడుతూ పోయే లారీ రిషభం నుంచి షడ్జానికి మాత్రమే జారుతుంది. కొన్నాళ్ళు విని చూడండి, స్పీడ్ గన్ అక్కర్లేదు.

కార్బురేటర్ల కాలం అయిపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక మిక్చర్ చూసుకునే పని సెన్సర్లది. దానికి నేను ఏడవను. గాలి కొంచెం బాగుపడుతుంది. నన్ను చికాకుపెట్టేది రాత్రి పదకొండింటికి సైలెన్సర్ పీకేసిన బండ్లు. సైలెన్సర్ తీసినంత మాత్రాన ఇంజను దెబ్బల లెక్క మారదు, శ్రుతి పెరగదు, గట్టిదనమే పెరుగుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద పందేలు కాసేవాళ్ళు రేసర్లు కారు. రేసులో ఎదురుగా వచ్చే లారీ ఉండదు, అంబులెన్సు తయారుగా ఉంటుంది. తమ్ముళ్ళూ, మీ బండి సైలెన్సర్ దానికి తిరిగి బిగించండి. హైదరాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున మద్రాసు. అక్కడినుంచి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 40 కిలోమీటర్లు. ఒక రేసు రోజున వెళ్ళి, ఫోను జేబులో పెట్టుకుని, ఒక గంట కళ్ళు మూసుకుని వినండి.